రెండు తూకం మెషీన్లు, ఒక నిలువుటద్దం

మా రోజుల్లో పక్షవాతం వచ్చిన మనిషిని మళ్ళీ నిలబెట్టడానికి ఫిజియో గదిలో ఏముండేవి? పారలల్ బార్లు, నిలువుటద్దం, వడ్రంగి చేసిపెట్టిన చెక్క రాకర్ బోర్డు. వీటికి తోడు బాత్రూముల్లో పెట్టుకునే బరువు మెషీన్లు రెండు. వాటిని పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో పాదం పెట్టించేవాళ్ళం. డెబ్బై కిలోల మనిషైతే బాగున్న కాలి కింద ముల్లు యాభై దాటేది, పడిపోయిన కాలి కింద ఇరవై దగ్గర వణుకుతుండేది. "ఈ ముల్లును కాస్త పైకి తీసుకురా నాయనా" అంటే, ఆ మనిషి పళ్ళు బిగించి బరువు అటు మార్చేవాడు. నా చెయ్యి అతని మోకాలి వెనకే ఉండేది. మోకాలు వెనక్కి విరుచుకుంటోందా, తొడ కండరం పట్టుకుంటోందా అన్నది ముల్లుకు తెలియదు, చేతికి తెలుస్తుంది.

ఇప్పుడు అమెరికాలోని ప్లెయిన్స్‌బరోలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఏ అపార్టుమెంట్ల వైపు నడిచినా తెలుగు వినబడే ఊరు. రూట్ వన్ పక్కన 2012లో ప్రిన్స్‌టన్ నుంచి తరలివచ్చిన పెద్దాసుపత్రి ఉంది. చుట్టూ మందుల కంపెనీలు. ఇక్కడి హైస్కూలు పిల్లలు ఇంట్లో కూర్చుని బరువు కొలిచే లోడ్ సెల్స్, చిన్న కంప్యూటర్ బోర్డులు కలిపి స్ట్రోక్ రోగులకు బ్యాలెన్సు పరికరాలు తయారుచేస్తున్నారు. ఆ వయసులో ఆ ఆలోచన రావడమే గొప్ప, కాదనను. నా గొడవంతా ఆ పరికరం దేనితో మొదలవుతోందన్న దాని గురించే. ముందు తెర వస్తుంది, తెర మీద బంతి వస్తుంది, బంతికి పాయింట్లు వస్తాయి. మనిషి చివర వస్తాడు.

పెద్దవాళ్ళూ అంతే. రీహాబ్ సెంటర్లలో బరువు కొలిచే ప్లేటు మీద తెర ముందు నిలబెట్టి, చుక్కను గడిలోకి తోయమంటారు. చుక్క గడిలోకి వెళ్తే మార్కులు. కానీ మోకాలు వెనక్కి విరిచేసి, నడుము వంచేసి కూడా ఆ చుక్కను గడిలోకి తోసెయ్యవచ్చు. బరువు ఎక్కడికి వెళ్ళిందో ప్లేటు చెబుతుంది. ఎలా వెళ్ళిందో చెప్పదు. తప్పుడు దారిలో వందసార్లు తోస్తే ఆ తప్పే అలవాటవుతుంది.

ఇంకో రకం రోగులున్నారు. పడిపోయిన వైపుకే తమను తాము తోసుకుంటారు. వాలి ఉన్నప్పుడే నిటారుగా ఉన్నామనుకుంటారు. సరిచేయబోతే భయంతో ఇంకా గట్టిగా తోస్తారు. వీళ్ళకు అద్దం, ద్వారబంధం లాంటి నిలువు గీత చూపించి, "నువ్వు దానితో సమానంగా ఉన్నావా చూసుకో" అనాలి. బంతాట ఇక్కడ ఏం చేస్తుంది?

మంచిని మంచనే చెబుతాను. పరిశోధకుడు లూయిస్ నాష్నర్ 1970ల నుంచి కదిలే ప్లాట్‌ఫారం మీద మనుషుల్ని నిలబెట్టి, చీలమండతో ఎప్పుడు సర్దుకుంటారో, తుంటితో ఎప్పుడు సర్దుకుంటారో తేల్చాడు. కళ్ళు, చెవి లోపలి యంత్రాంగం, పాదాల స్పర్శ, ఈ మూడింటిలో ఏది దెబ్బతిందో విడదీసి చూపే యంత్రాలు ఆ పని నుంచే వచ్చాయి. 2007లో నింటెండో ఆటల కోసం విడుదల చేసిన పలక మూలల్లో నాలుగు సెన్సర్లుంటే, 2010 నాటికి పరిశోధకులు దాన్ని లక్షల ఖరీదు ఫోర్స్ ప్లేట్లతో పోల్చి పనికొస్తుందన్నారు. పైనుంచి కట్టే హార్నెస్ రోగిని పడనివ్వదు, మా నడుములు విరగనివ్వదు. స్ట్రోక్ వచ్చిన మొదటి గంటల్లో గడ్డను కరిగించే మందుకు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. మా దగ్గరికి మాత్రం రోగుల్ని పావురం రక్తం రుద్దించి, నాటుమందు మింగించి, వారాలు గడిచాక తెచ్చేవారు. ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరను.

కానీ అదే హార్నెస్ బరువంతా మోస్తుంటే కాలికి పనేముంది? పట్టీ కాస్త వదులుగా ఉండాలి, మనిషి తూలాలి, తూలి తనంతట తాను సర్దుకోవాలి. అడుగు వేసి పడకుండా ఆపుకోవడం నేర్వాలంటే కొంచెం పడబోవాలి.

1989లో కెనడాలో క్యాథరిన్ బర్గ్ తయారుచేసిన పరీక్షకు ఇప్పటికీ తిరుగులేదు. 14 పనులు, 56 మార్కులు. కావలసినవి కుర్చీ, స్టూలు, గడియారం, స్కేలు. కింద పడిన చెప్పు తియ్యి, వెనక్కి తిరిగి చూడు, చుట్టూ తిరుగు, ఒంటికాలి మీద నిలబడు. బతుకులో చేసే పనులే అవన్నీ. 1997లో స్వీడన్ పరిశోధకులు ఇంకోటి రాశారు: నడుస్తుండగా మాట కలిపితే ఆగిపోయే వృద్ధులు తర్వాత పడిపోయే అవకాశం ఎక్కువ. మా గదిలో ఎప్పుడూ గోలే, వార్డు బాయ్‌తో మాట్లాడుతూ, పక్కమంచం వాడికి బదులిస్తూ నడిచేవారు. ఇప్పుడు నిశ్శబ్దంగా తెర ముందు నిలబెడుతున్నారు.

పరికరం చేసేవాడు వార్డుకు రావాలి. హైదరాబాదులో కలాం గారి సంగతి అందరికీ తెలిసిందే. అగ్ని క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని నిమ్స్ ఎముకల డాక్టరు చేత్తో ఎత్తి చూసి, ఆయన్ను తన ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. మూడు కిలోల పైబడిన ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటున్న పోలియో పిల్లల్ని ఆయన కళ్ళారా చూశారు. 300 గ్రాముల కాలిపర్లు ఆ చూడ్డం నుంచి పుట్టాయి. ల్యాబులోనే కూర్చుని ఉంటే ఆ పదార్థం క్షిపణి దగ్గరే ఆగిపోయేది.

ఇక్కడి ఇళ్ళు చూడండి. మెత్తటి కార్పెట్‌లో పాదం కూరుకుపోతుంది. స్నానానికి తొట్టి గోడ దాటాలి. మన పెద్దవాళ్ళు చెప్పులు విప్పి పూజ దగ్గర కింద కూర్చుని లేస్తారు, చెంబు కోసం పక్కకు వంగుతారు. ఇన్సూరెన్సు ఒప్పుకున్న సిట్టింగులు అయిపోయాక మిగిలేది ఆ ఇల్లే. దాన్ని కొలవకుండా చేసిన పరికరం ఎవరికి?

మా వీధిలో ఒక అమ్మాయి తాను చేసిన బ్యాలెన్సు పలక తెచ్చి చూపించింది. "ఇది ఎక్కడానికే మెట్టు కావాలి కదమ్మా, ఎక్కలేనివాడికేగా ఇది?" అన్నాను. బాగున్న చేతి వైపు పట్టుకోవడానికి ఏదీ లేదు. టేపు తీసుకుని స్ట్రోక్ వచ్చిన పెద్దవాళ్ళున్న ఇంటికి వెళ్ళి, గడప, కమోడ్, తొట్టి కొలుచుకు రమ్మన్నాను. వెళ్ళింది. పలక ఎత్తు తగ్గించింది, కమ్మీ బిగించింది, రెండు పాదాల బరువూ విడివిడిగా చూపేలా మార్చింది. తూలినప్పుడల్లా మోగే బీప్ మాత్రం ఉంచేసింది. "హెచ్చరిక తాతగారూ" అంటుంది. ఉలిక్కిపడితే బిగుసుకున్న చెయ్యి ఇంకా ముడుచుకుంటుంది, చీలమండ బిర్రబిగుస్తుంది, ఆ క్షణంలోనే మనిషి పడతాడని చెబుతున్నాను. ఆ శబ్దం తీసేసేదాకా చెబుతూనే ఉంటాను.