గుద్దేటోళ్లు, నొక్కేటోళ్లు

మా రోజుల్లో 21 నిండితే గానీ ఓటు లేదు. నేను మొదటిసారి గుద్దింది 1972 అసెంబ్లీ ఎన్నికల్లో, ఆవూదూడ గుర్తు ఊరంతా ఊగిన ఏడాది. 1989 నుంచి 18కే ఇచ్చేశారు. పేరెక్కించుకోవడానికి ఏడాదికి నాలుగు తేదీలు పెట్టారు. అయినా మా మనవడికి ఇరవై దాటినా ఫారం 6 నింపే తీరిక దొరకలేదు. సలహాకి మాత్రం కొదవ లేదు: "చదువు రానోళ్లకు ఓటెందుకు తాతా? పైసలకు అమ్ముకుంటరు."

ఒళ్లు మండిపోయింది. పంతులుద్యోగం కదా, పోలింగ్ డ్యూటీలు చాలానే చేశాను. ముద్ర గుద్దాక బ్యాలెట్ మడవడం ఒక విద్య. అడ్డదిడ్డంగా మడిస్తే తడి సిరా పక్క గుర్తుకి అంటుకునేది, లెక్కింపు బల్ల దగ్గర తగువు మొదలయ్యేది. ఒక ముసలమ్మ అట్టల చాటుకి వెళ్లి ఎంతకీ రాదు. లోపల్నుంచి ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్న చప్పుడు. లైను గొణుగుతుంటే, "ఆగుండ్రి, అయిదేండ్లకోసారి గదా!" అని కసిరింది. వేలిముద్ర మనిషే. ఇప్పుడు మీట నొక్కితే స్లిప్పు ఏడు సెకన్లు కనిపిస్తుంది. డిగ్రీలున్న బాబులు అంతసేపైనా నిలబడరు.

అసలు 1952లో మా నల్లగొండ జనంలో ఎంతమందికి అక్షరం ముక్క వచ్చు? వాళ్లే రావి నారాయణరెడ్డిని నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకి పంపారు. రెండు సీట్ల నియోజకవర్గం, మనిషికి రెండేసి ఓట్లు, నిజమే లెండి. అయినా మామూలు సంగతా? ఇక అమ్ముకోవడమంటారా, ఓట్ల పేరు చెప్పి అపార్ట్‌మెంటుకి బోరు మోటారు, సీసీ కెమెరాలు వేయించుకునేవాళ్లు ఏ బడికీ వెళ్లనివాళ్లా?

నా గొడవ వేరే. ఓటు అందరికీ ఉంది సరే, నిలబడడమో? 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు ఢిల్లీకి వినపడాలని నల్లగొండ లోక్‌సభ స్థానానికి జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది! ఎన్నిక వాయిదా వేసి, బ్యాలెట్‌ని పుస్తకంలా అచ్చు వేయించాల్సి వచ్చింది. ఆ వెంటనే 500 ఉన్న డిపాజిట్ 10,000 అయింది, ఇప్పుడు 25,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటి రాకపోతే సర్కారు ఖాతాలోకే. ఎస్సీ, ఎస్టీలకు సగమే గానీ, కూలి మనిషికి ఆ సగమైనా ఎక్కడిది?

అయినా 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు అప్పోసప్పో చేసి కట్టారు, పోగొట్టుకున్నారు. మొత్తం 185 మంది అభ్యర్థులకి ఒక్కో బూత్‌లో 12 యంత్రాలు వరసగా పేర్చారు. తన మనిషి గుర్తు వెతుక్కుంటూ ఓటరు ఈ చివర నుంచి ఆ చివరకి నడవాలి. దానికంటే మా నల్లగొండ పుస్తకమే నయం, కూర్చుని తిరగేయొచ్చు.