ఈఈజీ యంత్రం ఆత్మకథ: నిద్రలో మూర్ఛ, దాని దీర్ఘకాల గతి

ఆసుపత్రుల్లో ఈఈజీ మిషన్ అని అందరూ పిలిచే ఈ యంత్రం తన కథను తానే చెప్పుకోవలసి వచ్చినప్పుడు, పుట్టుక కన్నా ముందు తన ఎదుట తరచుగా వినబడే ప్రశ్నను ప్రస్తావించడం ఉచితం: నిద్రలో మాత్రమే ఫిట్స్ వచ్చే మనిషికి ముందుముందు ఏమవుతుంది? తలకు అంటించిన ఎలక్ట్రోడ్ల ద్వారా మెదడు కణాల విద్యుత్తులోని హెచ్చుతగ్గులను గీతలుగా రాయడం ఈ యంత్రం పని కాబట్టి, ఆ గీతల్లోనే భవిష్యత్తు కూడా రాసి ఉంటుందని కుటుంబాలు ఆశిస్తాయి. ఆ ఆశ ఏ రోగంలో ఎంతవరకు నిలుస్తుందో చెప్పడమే ఈ ఆత్మకథ ఉద్దేశం.

జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మనిషి మెదడు తరంగాలను తొలిసారి నమోదు చేసి, 1929లో ఆ ఫలితాన్ని ప్రచురించడంతో ఈ యంత్రం వంశం మొదలైంది. 1930లలో బోస్టన్‌లో ఫ్రెడరిక్ గిబ్స్, ఎర్నా గిబ్స్, విలియం లెన్నాక్స్ మూర్ఛకు ప్రత్యేకమైన తరంగ రూపాలు ఉంటాయని చూపించాక దానికి వైద్యంలో స్థిరమైన చోటు దొరికింది. మెలకువలో ఏ దోషమూ కనబడని గీతల్లో కునుకు పట్టగానే మొనదేలిన తరంగాలు, అంటే స్పైక్‌లు, బయటపడవచ్చునని గిబ్స్ దంపతులు 1940లలో గమనించినప్పటి నుంచి, రోగిని నిద్రపుచ్చి పరీక్షించడం ఈ యంత్రం వృత్తిలో భాగమైంది. కలలు దట్టంగా వచ్చే రెమ్ దశకు వెలుపలి నిద్రలో మెదడు కణాలు పెద్ద సంఖ్యలో ఒకే లయకు లోబడతాయి కాబట్టి, మూర్ఛ విద్యుత్తు పుట్టడానికీ పాకడానికీ ఆ నిద్ర అనువుగా ఉంటుంది. రెమ్ దశలో ఆ లయ చెదిరిపోవడం వల్ల ఫిట్స్ అరుదవుతాయి.

ఈ యంత్రం రాసే గీతలకూ రోగి భవితకూ ఉన్న దూరం బాల్యంలో వచ్చే ఒక మూర్ఛలో స్పష్టంగా కనిపిస్తుంది. ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు లూయిజి రొలాండో పేరుతో చాలాకాలం రొలాండిక్ మూర్ఛగా ప్రసిద్ధమైన ఈ రోగం సాధారణంగా 4 నుంచి 10 ఏళ్ల మధ్య మొదలవుతుంది. పిల్లవాడికి నిద్రలో ముఖం ఒక పక్క అదరడం, చొంగ కారడం, మెలకువ వచ్చినా కాసేపు మాట పెగలకపోవడం దీని లక్షణాలు. నిద్రలో ఈ పిల్లల గీతలు స్పైక్‌లతో నిండి భయపెట్టినా, యౌవనారంభం నాటికి ఎక్కువమందిలో ఫిట్స్ వాటంతటవే ఆగిపోతాయి, కొందరికి మందు కూడా అవసరం పడదు. ఫిట్స్ ఆగిన తరువాత కూడా కొంతకాలం స్పైక్‌లు మిగిలి ఉండవచ్చు కాబట్టి, గీతను చూసి కాక పిల్లవాణ్ణి చూసి వైద్యం చేయాలన్నది ఇక్కడి నియమం.

దీనికి నేరుగా ఎదురు నిలిచే స్థితిని పాట్రీ, ల్యగూబి, తసినారి అనే వైద్యులు 1971లో ఆరుగురు పిల్లల్లో వర్ణించారు. రెమ్ దశకు వెలుపలి నిద్రను స్పైక్ తరంగాలు దాదాపు ఎడతెగకుండా ఆక్రమించే ఈ రోగంలో ఫిట్స్ కొద్దిగానే ఉండవచ్చు, కౌమారంలో ఆగిపోనూవచ్చు. అయినా ఆ ఏళ్లలో భాషకూ చదువుకూ నడవడికీ కలిగిన నష్టం కొందరిలో జీవితాంతం మిగిలిపోతుంది. ఇక్కడ ఫిట్స్ లెక్క మాత్రమే అడిగే వైద్యుడు మోసపోతాడు, ఈ యంత్రం రాసే గీతే ప్రమాదాన్ని ముందుగా చెబుతుంది.

మూడో స్థితికి బొలోనియా నగరంతో గాఢమైన సంబంధం ఉంది. నిద్రలో హఠాత్తుగా లేచి కాళ్లూ చేతులూ విసరడం, మెలితిరగడం, అరవడం వంటి చేష్టలతో, సాధారణంగా రెండు నిమిషాల లోపే ముగుస్తూ, ఒకే రాత్రి పలుమార్లు రాగల ఈ ఫిట్స్‌ను లుగరేసి, చిరిఞొత్త అనే వైద్యులు 1981లో అక్కడే వర్ణించినప్పుడు, గీతల్లో మూర్ఛ ఆనవాలు దొరకనందున అది మూర్ఛా, నిద్ర రుగ్మతా అన్న వివాదం చాలాకాలం సాగింది. మూర్ఛ పుట్టే చోటు మెదడు లోతట్టు మడతల్లో ఉంటే, గోడ అవతలి గుసగుసలాగా, అది తలపైని ఎలక్ట్రోడ్లకు చేరదు. చేరినా కండరాల కదలిక ఆ గీతను కప్పేస్తుంది. అందుకే 2016లో ప్రచురితమైన నిర్ధారణ ప్రమాణాలు కెమెరా చిత్రీకరణకు ప్రముఖ స్థానమిచ్చి, రోగానికి నిద్రాసంబంధ హైపర్‌మోటార్ మూర్ఛ అనే పేరును స్థిరపరిచాయి.

దీర్ఘకాల ఫలితం గురించి బొలోనియా వైద్యులే 2017లో ప్రకటించిన అధ్యయనంలో 139 మంది రోగుల్ని మధ్యస్థ విలువ ప్రకారం 16 ఏళ్ల పాటు గమనించగా, కనీసం ఐదేళ్లుగా ఫిట్స్ లేకుండా ఉన్నవారు 22.3 శాతం మాత్రమే, అలాంటి ఉపశమనం పొందే అవకాశం అంచనా పదేళ్లకు 20.4 శాతం, ముప్పై ఏళ్లకు కూడా 28.4 శాతమే అయింది. మెలకువలో కూడా ఫిట్స్ వచ్చినవారిలో, మెదడు నిర్మాణ లోపం లేదా బుద్ధిమాంద్యం వంటి అంతర్గత కారణం ఉన్నవారిలో ఉపశమనం మరింత అరుదుగా కనిపించింది. రోగం పూర్తిగా మానకపోయినా, రాత్రి వేళ తీసుకునే కార్బమాజెపిన్ అనే మందు చాలామందిలో ఫిట్స్‌ను ఆపగలదు లేదా బాగా తగ్గించగలదు. మందుకు లొంగనివారిలో మెదడు పొర పుట్టుకలోనే సరిగా ఏర్పడని చిన్న ప్రదేశాన్ని గుర్తించి శస్త్రచికిత్సతో తొలగించగలిగితే, జాగ్రత్తగా ఎంపిక చేసిన రోగుల్లో ఎక్కువమందికి ఫిట్స్ ఆగాయి.

ఒళ్లంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్ నిద్రలో వచ్చేవారికి మరొక ప్రమాదం ఉంది. వేరే కారణం ఏదీ దొరకని ఆకస్మిక మరణం మూర్ఛ ఉన్న పెద్దల్లో ఏడాదికి వెయ్యిమందిలో ఒకరికి సంభవిస్తుందనీ, పెద్ద ఫిట్స్ తరచైన కొద్దీ ఆ ముప్పు పెరుగుతుందనీ 2017 నాటి అమెరికన్ మార్గదర్శకాలు పేర్కొన్నాయి. ఇలాంటి మరణాలు ఎక్కువగా రాత్రివేళ, మనిషి ఒంటరిగా, బోర్లా పడి ఉన్నప్పుడు జరుగుతాయి కాబట్టి, మందు మానకపోవడం, నిద్ర చెడగొట్టుకోకపోవడం, గదిలో తోడు ఉండడం భవితను మార్చగల జాగ్రత్తలు.

కొన్ని చోట్ల చట్టం కూడా ఒక రాత్రి గీతకన్నా ఏళ్ల చరిత్రకే విలువనిస్తుంది. మెలకువలో ఎన్నడూ ఫిట్స్ రాక, ఏడాదిపాటు నిద్రలో మాత్రమే వచ్చాయని తేలినవారికి బ్రిటన్ కారు నడపడానికి అనుమతిస్తుంది. మునుపు మెలకువలో కూడా వచ్చి ఉంటే, నిద్రలో మాత్రమే రావడం మూడేళ్లపాటు కొనసాగాలి. భారతదేశంలో డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తుదారు నింపే ఫారం 1 నిద్ర, మెలకువ అనే తేడా లేకుండా మూర్ఛ ఉందా అని అడుగుతుంది.

నిద్రలో ఫిట్స్ ఆగిపోయాయని చెప్పడానికి రోగి తానే సాక్షి కాలేడు, పక్కన పడుకునేవారు లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు. కాబట్టి ఒంటరిగా నిద్రించే మనిషి తనకు నయమైందన్నప్పుడు, తెల్లవారాక నాలుక కొరుక్కున్న గాయం, తడిసిన పక్క, కారణం లేని ఒళ్లు నొప్పులు ఉన్నాయేమో అడిగి, అనుమానం మిగిలితే కెమెరాతో కలిపి ఈ యంత్రానికి మరొక రాత్రి అప్పగించిన తరువాతే వైద్యుడు మందు తగ్గించే ఆలోచన చేయాలి.