బీతోవెన్ గారి వాటా

అద్దెకుండే మనిషిగా బీతోవెన్ ఏ ఇంటివాడికీ కలలో కూడా రాకూడని వాడు. వియన్నాలో బతికిన 35 ఏళ్ళలో డజన్ల కొద్దీ ఇళ్ళు మారాడు. వేళాపాళా లేని పియానో ఒకటి. బాణీ కడుతూ ఒళ్ళు వేడెక్కితే చేతుల మీద జగ్గుల కొద్దీ నీళ్ళు గుమ్మరించుకునేవాడనీ, అవి కింది వాటా వాళ్ళ నెత్తిన కారేవనీ అంటారు. ప్రాటర్ తోట కనబడడం లేదని తాపీమేస్త్రీని పిలిపించి, ఇంటాయనకు మాటమాత్రం చెప్పకుండా గోడకు కిటికీ పెట్టించబోయాడని ఇంకో కథ.

అలాంటివాడికీ ఒక పుణ్యాత్ముడు దొరికాడు. ఆయన పేరు బారన్ పాస్క్వలాటి. వియన్నా పాత కోటగోడ మీద, మోల్కర్ బాస్టైలో 8వ నంబరు ఇల్లు ఆయనది. దాని నాలుగో అంతస్తులో బీతోవెన్ 1804 నుంచి 1815 దాకా ఉన్నాడు. ఉన్నాడంటే, మధ్యమధ్య అలిగి వెళ్ళిపోతూ, బుద్ధి పుట్టినప్పుడు తిరిగొస్తూ ఉన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ బారన్ ఆ వాటాకి టులెట్ బోర్డు కట్టలేదు. మళ్ళీ వస్తాడులే అని ఖాళీగానే అట్టేపెట్టాడు. అద్దె అయిదో తారీకు దాటితే మోటారు కట్టేసే ఇంటివాళ్ళ దగ్గర బతికిన నాకు ఇది భాగవత కథలాగే ఉంటుంది. నాలుగు, అయిదు, ఏడు, ఎనిమిదో సింఫనీలు, ఫిడేలియో ఒపెరా, వీటి పని సాగింది ఈ ఇంట్లో ఉన్న కాలంలోనే. అప్పటికే ఆయనకి చెవుడు ముదురుతోంది.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవి కావు. మా మామగారు చెప్పగా విన్నవి. ఆయన రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఫిడేలు మాత్రం రిటైర్ కాలేదు. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారు వెళ్ళి పంచరత్నాల గోష్ఠిలో కూచోకపోతే ఆయనకి ఆ ఏడాది ఏడాది కాదు. బీతోవెన్ మీద భక్తికి కూడా దారి అక్కణ్ణుంచే.

"త్యాగయ్యగారు పుట్టింది 1767, ఈయన పుట్టింది 1770. మూడేళ్ళు చిన్న. కావేరి ఒడ్డున ఆయన, డాన్యూబ్ ఒడ్డున ఈయన. ఒకరి పేరు ఒకరు విననైనా వినలేదు. ఇద్దర్నీ ఒకే వేళకి కిందికి పంపించాడు చూశారా పైవాడు!"

మామగారు వియన్నాకి వచ్చింది కూతుర్ని చూడ్డానికని బంధువులంతా అనుకున్నారు. కూతురు మాత్రం అనుకోలేదు.

పాస్క్వలాటి గారి ఇంటి నాలుగో అంతస్తులో ఇప్పుడు బీతోవెన్ మ్యూజియం ఉంది. ఆ ఇంట్లో లిఫ్టు లేదు. ఎవరు వద్దన్నా ఆగకుండా, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నాలుగంతస్తులూ ఎక్కారు. పైన మెట్ల దగ్గర ఆయాసం తీర్చుకుని, వంగి బూట్ల లేసులు విప్పడం మొదలెట్టారు.

"మామయ్యగారూ, ఇక్కడ ఎవరూ విప్పరండీ. మ్యూజియమే కదా."

"త్యాగయ్యగారి సమాధి దగ్గర విప్పి, ఈయన దగ్గర తొడుక్కుని వెళ్ళమంటారా?"

ఇక నేనేం మాట్లాడతాను? బూట్లు విప్పి మ్యూజియం గుమ్మం పక్కన పెట్టారు. ఒకడుగు వెనక్కి వేసి చూసుకున్నారు. అంత దగ్గర బాగోలేదనిపించింది కాబోలు, వాటిని కాలితో నెట్టుకుంటూ వెళ్ళి పక్క వాటా గుమ్మం ముందుకి చేర్చారు. మేజోళ్ళు చుట్ట చుట్టి వాటిలో దోపారు.

లోపల మేలర్ గీసిన బీతోవెన్ బొమ్మ ఉంది. ఆ కాలపు పియానో ఉంది. సింఫనీలు వినడానికి హెడ్‌ఫోన్లు ఉన్నాయి. నిజం చెప్పాలంటే గదులు బోసిగానే ఉంటాయి. అభిమానం మనమే వెంట తెచ్చుకోవాలి. మామగారు తెచ్చుకున్నది నాలుగు మ్యూజియాలకి సరిపోతుంది. నేల తాకి కళ్ళకద్దుకున్నారు. ప్రతి గోడనీ అరచేత్తో నిమిరారు. కిటికీ దగ్గర నిలబడి, "ఇదిగో, ఇక్కడే నిలబడి ఉంటాడు మహానుభావుడు" అన్నారు. అయిదో సింఫనీ వింటూ కళ్ళు తుడుచుకున్నారు. అది ఎంతసేపైతే అంతసేపూ విన్నారు.

హెడ్‌ఫోన్లు తీసేసరికి టికెట్లిచ్చే ఆవిడ వచ్చి నిలబడి ఉంది. బయట ఉన్న బూట్లు మీవేనా, అవి పక్కవాళ్ళ గుమ్మానికి అడ్డంగా ఉన్నాయి, దయచేసి తీస్తారా అని మర్యాదగానే అడిగింది.

నేను తెలుగులో చెప్పాను. మామగారికి చిర్రెత్తుకొచ్చింది.

"ఎవరో దారినపోయే వాళ్ళ గుమ్మానికి ఇంత పట్టింపా? ఇలాంటి ఇంటి పక్కన ఉండడానికే వాళ్ళు పెట్టిపుట్టాలి! గుమ్మమట గుమ్మం. వాళ్ళేమన్నా సింఫనీలు రాశారా అందులో కూచుని? అయినా ఇంత గొప్ప చోటు పక్కన మామూలు కాపురాలు పెట్టనివ్వడమేమిటండీ? ఆ వాటా కూడా తీసుకుని మ్యూజియంలో కలిపెయ్యొచ్చుగా? అడగండి ఆవిణ్ణి. అడగండి!"

నేను అందులో అడగదగ్గ ముక్క ఒక్కటే ఏరి అడిగాను. పక్క వాటా మ్యూజియంలో ఎందుకు కలపలేదని.

ఆవిడ నవ్వింది. ఈ ప్రశ్న ఆవిడకి కొత్తకాదని ఆ నవ్వులోనే తెలిసింది.

"అది ఖాళీ లేదండీ, మనుషులు కాపురం ఉంటున్నారు. బీతోవెన్ ఉన్న అసలు వాటా అదే. ఇది వాళ్ళ పక్కిల్లు."