అరుగుదల మీది, లాభం మాది!

బెజవాడ పటమటలో ఏ అపార్ట్‌మెంట్ డాబా ఎక్కినా ఒకటే దృశ్యం. నీళ్ల ట్యాంకుల పక్కన సోలార్ ప్యానెళ్లు. ప్రభుత్వం పెట్టమంది, జనం పెట్టారు. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ అన్నారు. నెలకు 300 యూనిట్ల దాకా ఉచితం అన్నారు. కోటి ఇళ్లు, 75,021 కోట్ల రూపాయలు అన్నారు. 3 కిలోవాట్లు పెడితే 78 వేలు రాయితీ అన్నారు. రాష్ట్రం ఊరుకుంటుందా? నియోజకవర్గానికి 10 వేల ఇళ్లు అని లక్ష్యం పెట్టింది. ఇక బెజవాడ వాడికి లోటేముంది? ఎండకు కరువు లేని ఊరు. మనకు చాలినంత వాడుకుని మిగతాది ఊరందరికీ పంచొచ్చు.

సరే, ఒక్క ప్రశ్న. కరెంటు పోతే ఆ ప్యానెళ్లు ఏం చేస్తాయి? ఏమీ చేయవు! మిట్టమధ్యాహ్నం నెత్తిన నిప్పులు కురుస్తున్నా సరే, లైన్ ఆగిందంటే అవీ ఆగిపోతాయి. స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. మన డాబా మీంచి కరెంటు తీగలోకి ఎక్కితే ఆయన ప్రాణం పోతుంది. కాబట్టి ఆగాల్సిందే. నిబంధన సబబే. కానీ ఈ ముక్క ఏ ప్రారంభోత్సవ సభలో చెప్పారు? ఏ ఫ్లెక్సీ మీద రాశారు? ఫ్లెక్సీ నిండా నాయకుల మొహాలే. చోటెక్కడుంది లెండి!

మరి కరెంటు పోయినా ఫ్యాను తిరగాలంటే? బ్యాటరీ కొనుక్కోండి. రాయితీ? గుండు సున్నా. ఆ 78 వేలూ ప్యానెళ్ల వరకే. ప్యానెల్ మీద జీఎస్టీ 5 శాతం, బ్యాటరీ మీద 18 శాతం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మీద పడి సింగ్‌నగర్ రోజుల తరబడి చీకట్లో మునిగినప్పుడు ఒక్క ఫోన్ చార్జింగ్ కోసం జనం ఎంత అల్లాడారో ఈ నగరం చూసింది. అయినా సర్కారు దృష్టిలో ఇంటి బ్యాటరీ అంటే విలాస వస్తువే కాబోలు.

అయితే ఈ దేశంలో బ్యాటరీకి రాయితీయే లేదా? ఎందుకు లేదు? భేషుగ్గా ఉంది. కాకపోతే కంపెనీలకు! భారీ బ్యాటరీ ప్రాజెక్టుల పెట్టుబడిలో 40 శాతం దాకా ఇస్తామని 2023 సెప్టెంబరులో కేంద్ర కేబినెట్ తీర్మానించింది. 2025లో మరో 30 గిగావాట్ అవర్లకు 5,400 కోట్లు ప్రకటించారు. భాగించి చూడండి. ఒక్కో యూనిట్ నిల్వకు 1,800 రూపాయలు. ఆ లెక్కన మీ ఇంట్లో 5 యూనిట్ల బ్యాటరీకి 9 వేలు రావాలి. వచ్చాయా? ఎవరైనా ఇస్తామన్నారా? కంపెనీ దాచిన కరెంటు దేశసేవ. మీరు దాచింది మీ ఇంటి గొడవ.

ఇక ఆయుష్షు సంగతి. సీసం బ్యాటరీ ఆయుష్షును 25, 27 డిగ్రీల చల్లని లెక్కల్లో కొలుస్తారు. ఆపైన పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుందని ఆ రంగంలో అందరికీ తెలిసిన సూత్రం. మే నెలలో బెజవాడ ఎంత ఉంటుందో మీకు చెప్పాలా? మన బ్యాటరీ ఏసీ గదిలో ఉండదు. మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోయడం అందరూ మరిచిపోయే పని. మూడేళ్లకే అది చేతులెత్తేస్తే గ్యారంటీ కార్డులో సన్నక్షరాలు ముందుకొస్తాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ నయం. వేల సార్లు నిండి ఖాళీ అవుతుంది. కానీ దానికీ వేడి పడదు. వాడకుండా ఉంచినా వయసు మీద పడుతుంది.

కాగితం తీసుకోండి. 5 యూనిట్ల లిథియం బ్యాటరీకి లక్ష పెట్టారనుకుందాం. 4,000 సార్లు నిండి ఖాళీ అయిందనుకుందాం. మొత్తం 20 వేల యూనిట్లు. అంటే యూనిట్‌కు 5 రూపాయలు ఉత్త అరుగుదల. ఇందులో వడ్డీ లేదు, ఇన్వర్టర్ లేదు. ఇప్పుడు ఆ కరెంటును సాయంత్రం ఏడింటికి గ్రిడ్‌కు పంపారు. పంపిణీ సంస్థ డిస్కం ఏమిస్తుంది? మీటరులో ఒక యూనిట్ తగ్గిస్తుంది. మధ్యాహ్నం ఊరికే పంపినా అదే యూనిట్. బ్యాటరీ అరగదీసుకుని రాత్రి పంపినా అదే యూనిట్. ఏ పిచ్చివాడు పంపుతాడండీ?

మార్కెట్‌లో మాత్రం ఆ రెండు యూనిట్లూ ఒకటి కావు. 2025 మే నెలలో ఒక ఆదివారం విద్యుత్ ఎక్స్ఛేంజీలో ధర దాదాపు సున్నాకు జారింది. ఎండ ఎక్కువ, కొనేవాడు తక్కువ. పొద్దుగూకితే సీను మారిపోతుంది. యూనిట్ పది రూపాయల గరిష్ఠ పరిమితిని తాకిన సాయంత్రాలు ఎన్నో. ఆ పది రూపాయలు అమ్మిన కంపెనీకి సంతోషంగా ఇస్తారు. పక్క వీధి మాస్టారి బ్యాటరీలోంచి వస్తే మాత్రం, అబ్బే, అదెక్కడి బేరం?

ఆ ఖరీదైన సాయంత్రాల బిల్లు ఎవరు కడతారు? ఇంకెవరు! దానికే సర్దుబాటు చార్జీ అని ముద్దుపేరు. 2022-23లో కాల్చిన కరెంటుకు 6,072 కోట్లు 2024 చివర్లో మన మీద పడ్డాయి. ఎప్పటి ఫ్యాను గాలికో రెండేళ్ల తర్వాత బిల్లు! ఆ భారం తమ ఏలుబడిలో పుట్టిందే అయినా వైఎస్సార్‌సీపీ 2024 డిసెంబరులో రోడ్డెక్కింది. చార్జీలు పెంచబోమని ఓట్లడిగిన టీడీపీ కూటమి, తప్పు వాళ్లదంటూనే వసూలు చేసింది. ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకున్నారు. జేబు మాత్రం మనది.

వేళను బట్టి ధర అని 2023 జూన్‌లోనే కేంద్రం నిబంధన రాసింది. ఎండ వేళ చౌక, పీక్ వేళ ఖరీదు. 2025 ఏప్రిల్ నుంచి ఇళ్లకూ అన్నారు. మీ బిల్లులో కనిపించిందా? ఏ వేళ ఎంత పంపామో తెలియాలంటే స్మార్ట్ మీటర్ కావాలి. ఆ మీటర్లను పగలగొట్టండని ప్రతిపక్షంలో ఉండి పిలుపునిచ్చింది ఎవరు? గద్దెనెక్కాక ఆ మాట మింగింది ఎవరు? అప్పుడు తెచ్చి, ఇప్పుడు వద్దంటున్నది ఎవరు? పేర్లు మీకే తెలుసు.

ఆస్ట్రేలియాలో 2025 జులై నుంచి ఇంటి బ్యాటరీ ఖర్చులో దాదాపు 30 శాతం ప్రభుత్వం భరిస్తోంది. సిడ్నీలో ఉన్న మన పిల్లలు గోడకు బ్యాటరీ బిగించి వాట్సాప్‌లో ఫొటో పెడతారు. ఇక్కడ మనం లైక్ కొడతాం. కొట్టేలోపు కరెంటు పోతుంది.

గుణదల విద్యుత్ సౌధ పటమటకు ఎంతో దూరం లేదు. అడగాల్సింది రెండే. కంపెనీకిచ్చే 1,800 ఇంటి బ్యాటరీకీ ఇవ్వండి. సాయంత్రం బయట కొనే ధరే మాకూ కట్టండి. అందులో సగమిచ్చినా అరుగుదల గిట్టుతుంది. మొత్తం ఇస్తే జనమే క్యూ కడతారు. మీ పీక్ అవర్ తిప్పలు తగ్గుతాయి, మా బిల్లులో సర్దుబాటు తగ్గుతుంది. ఇంత చిన్న లెక్క అంత పెద్ద భవనంలో ఎవరికీ రాదా? లేక ఇంటివాడికి పది రూపాయలు ఇవ్వాలంటేనే చేతులు రావడం లేదా?