తిరగని టబ్బుకు టీకా తాత్పర్యం

తే.గీ. నీళ్లు పోకున్నఁ దిరుగదు నిలిచి చూచు
మూత పడకున్నఁ దిరుగదు మూతి ముడుచు
బరువు పక్కకు జరిగినఁ బరుగు లేదు
తిట్టఁ బనియేమి? హేతువుఁ దెలియవలయు

అవతారిక: ఉతుకు అయింది, జాడింపు అయింది. పిండే ఘట్టానికి వచ్చేసరికి వాషింగ్ మెషీన్ మౌనం దాల్చింది. దాని నెత్తిన చరచడానికి చెయ్యెత్తిన గృహస్థుకు కవి చేస్తున్న హితబోధ ఇది.

టీక: నీళ్లు = టబ్బులోని మురికినీరు; పోకున్నన్ = పైపు గుండా వెలికిపోనిచో; తిరుగదు = స్పిన్ కాదు; నిలిచి చూచు = లైట్లు వెలిగించుకొని ఊరకుండును; మూత పడకున్నన్ = మూత సరిగా మూసుకొననిచో; మూతి ముడుచు = బీప్ బీప్ మని అలుగును; బరువు = తడిసిన దుప్పటి మొదలగునది; పక్కకు జరిగినన్ = ఒకవైపు ముద్దగట్టినచో; పరుగు = నిమిషానికి వందల చుట్లు తిరుగుట; లేదు = ఉండదు; తిట్టన్ = దూషించుటకు; పని + ఏమి = అవసరమేమున్నది; హేతువున్ = కారణమును; తెలియవలయున్ = ఎరుగవలెను. ‘ఓ గృహస్థా’ అని అధ్యాహారం.

తాత్పర్యం: యంత్రం తిరగకపోతే చెడిపోయిందని అర్థం కాదు. తన షరతుల్లో ఏదో తీరలేదని అర్థం.

విశేషాలు: కవి నీళ్లను ముందుపెట్టడం యాదృచ్ఛికం కాదు. టబ్బులో నీరుందని సెన్సర్ చెబుతున్నంతసేపూ స్పిన్ మొదలు కాదు. కాబట్టి మొదట చూడవలసింది మోటారును కాదు, పైపును. అది మెలికపడిందా, గోడకు నొక్కుకుందా? పంపు లేని టాప్ లోడ్ అయితే పైపు కొసను పైకెత్తి కట్టారా? నీరు పల్లమెరుగును గాని మిట్ట ఎరుగదు. ఫ్రంట్ లోడ్‌లో కింద మూలనున్న చిన్న తలుపు తీస్తే ఫిల్టరు కనిపిస్తుంది. ప్లగ్గు పీకి, కింద పళ్లెం పెట్టి విప్పితే చొక్కా జేబులో తప్పిపోయిన రూపాయి బిళ్ల, పిన్నీసు దర్శనమిస్తాయి.

‘మోటారు పోయింది, కొత్తది కొనండి’ అని పక్కింటివారి పూర్వపక్షం. ఫుల్లీ ఆటోమేటిక్‌లో ఉతికేదీ పిండేదీ ఒకే మోటారు. ఇందాకటిదాకా ఉతికినది ఇప్పుడు పోయిందనడం అంత సులువుగా నిలవదు. చాలా టాప్ లోడ్ యంత్రాల్లో నీటిదారి తెరిచే చిన్న మోటారే క్లచ్‌నూ లాగుతుంది. అది మొరాయిస్తే నీరూ పోదు, టబ్బూ తిరగదు. సెమీ ఆటోమేటిక్‌లో మాత్రం డ్రయ్యర్‌కు వేరే మోటారు ఉంటుంది గనుక, అక్కడ పక్కింటివారికి సగం మార్కులు ఇవ్వవచ్చు. మిగతా సగం కెపాసిటర్‌కూ, బ్రేకు తీగకూ చెందుతాయి.

ఎల్జీ యంత్రాల తెరమీద వెలిగే బీజాక్షరాలు ఈ పద్యానికి సంగ్రహం. మొదటి పాదానికి ఓఈ, రెండోదానికి డీఈ, మూడోదానికి యూఈ.

మూడో పాదం దుప్పటి గురించి. ఒంటరి దుప్పటి నీళ్లు తాగి ఒక పక్కన కూలబడితే, ఆ వేగానికి యంత్రం గదంతా నడుస్తుంది. అందుకే ముందే ఆగిపోతుంది. దాన్ని విప్పి పరచాలి, తోడుగా రెండు తువ్వాళ్లు వేయాలి. నాలుగు కాళ్లూ నేలకు ఆనాయో లేదో యంత్రాన్ని మూలల దగ్గర ఊపి చూడాలి.

అలంకారం: సమాసోక్తి. యంత్రం మీద పండగకొచ్చి అలకపాన్పెక్కిన కొత్తల్లుడి వ్యవహారం ఆరోపితం. ఏం కావాలో నోరు విప్పి చెప్పకపోవడం ఉభయులకూ సమానధర్మం. రసం గృహస్థులో రౌద్రం, తడిబట్టల్లో కరుణం.

అధికారి నిర్ణయం: పైపు, ఫిల్టరు, మూత, దుప్పటి వరకు గృహస్థు అధికారి. కెపాసిటర్‌లో ప్లగ్గు పీకాక కూడా విద్యుత్తు నిలిచి ఉండవచ్చు గనుక, అక్కడినుంచి మెకానిక్కే అధికారి. అతడు ‘రేపొస్తా’ అన్నచోట ‘రేపు’ అనే పదానికి వ్యాఖ్యాతలెవరూ అర్థం తేల్చలేదు. కనుక ఈలోగా బట్టలు చేత్తో పిండుకోవడం శాస్త్రసమ్మతమే.