సర్వర్‌కు ఒక్కడే కమాండర్, సైబర్ టవర్స్‌కు పదిమంది

మాదాపూర్‌లో ఏదైనా అద్దాల మేడ పదో అంతస్తుకు వెళ్లండి. అమెరికాలో ఓ బ్యాంకు సర్వర్ మొరాయించిందనుకోండి. క్షణాల్లో 'పీ-వన్' (అత్యవసరం) అంటారు, అందరినీ కలిపే బ్రిడ్జి కాల్ మొదలవుతుంది, ఒకరు ఇన్సిడెంట్ కమాండర్ అవుతారు. ఆ కుర్రాడి వయసు పాతికే కావచ్చు. కాల్‌లో ఉన్న వైస్ ప్రెసిడెంట్ సైతం మ్యూట్‌లో కూర్చోవాల్సిందే.

ఇప్పుడు అదే అంతస్తు కిటికీలోంచి కిందికి చూడండి. గంట వాన కురిసింది. ఐకియా చౌరస్తాలో బైకులు సగం మునిగాయి. ఇక్కడ కమాండర్ ఎవరు?

అది వాన చుక్క ఎక్కడుందన్న దాన్ని బట్టి ఉంటుంది. రోడ్డు మీదుంటే మున్సిపల్ కార్పొరేషన్‌ది. మ్యాన్‌హోల్‌లోకి దిగితే జలమండలిది. చెరువులో చేరితే నీటిపారుదల శాఖది. ఆ చెరువును ఎవరైనా పూడ్చి ఉంటే హైడ్రాది. పారిశ్రామిక వాడలో పడితే ప్రభుత్వ పారిశ్రామిక సంస్థ టీజీఐఐసీ వారి స్థానిక విభాగం 'ఐలా'ది. కరెంటు తీగను తాకితే డిస్కమ్‌ది. ఇవేవీ కాక మోకాళ్ల దాకా నిలిచిపోతే, ఆ నీళ్లు ట్రాఫిక్ కానిస్టేబుల్‌వి. ఆయన ఒక చేత్తో వాహనాలు ఆపుతూ, రెండో చేత్తో జాలీలో ఇరుక్కున్న చెత్త తీస్తుంటాడు.

ఏలినవారికి పద్ధతి తెలియదనుకుంటే పొరపాటు. 1970లో కాలిఫోర్నియా అడవులు తగలబడినప్పుడు, మంటలార్పడానికి వచ్చిన శాఖల మధ్య సమన్వయం లేక అక్కడివాళ్లు నానా తిప్పలూ పడ్డారు. అందరికీ ఒకే కమాండ్, ఒకే పరిభాష అన్న పద్ధతి ఆ తిప్పల్లోంచే పుట్టింది. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఫైరింజన్ల వాళ్ల దగ్గర నేర్చుకున్నదే ఇదంతా. మన దేశంలో 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 'ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్' పేరిట మార్గదర్శకాలూ అచ్చేసింది. ఒక కమాండర్; ఆయన కింద ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్ అని మూడు విభాగాలు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనవుతుందని మన అమ్మమ్మలు ఏనాడో చెప్పిన మాటకే ఢిల్లీలో బైండింగ్ చేయించారు.

ఆ పుస్తకం ప్రకారం జిల్లాలో బాధ్యత కలెక్టరుది. మంచిదే. హైటెక్ సిటీ ఉన్నది రంగారెడ్డి జిల్లాలో. ఆ కలెక్టరేటు ఉన్నది నగరానికి అవతలి కొసన, కొంగర కలాన్‌లో. వాన రోజున ఫైలు అక్కడి నుంచి గచ్చిబౌలికి రావాలంటే, ముందు ట్రాఫిక్ కదలాలి.

కదలదని తెలిసే 2023 జులై వానల్లో సైబరాబాద్ పోలీసులు ఓ ఉపాయం పన్నారు. నీళ్లను మళ్లించే అధికారం తమకు లేదు కాబట్టి మనుషులను మళ్లించారు. ఐకియా నుంచి సైబర్ టవర్స్ దాకా ఉన్న ఆఫీసులు మూడింటికి, బయోడైవర్సిటీ, రాయదుర్గం వైపు నాలుగున్నరకు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, గచ్చిబౌలి వాళ్లు మూడు నుంచి ఆరు మధ్య లాగౌట్ కావాలన్నారు. వెక్కిరించడానికి లేదు, సిసలైన ప్లానింగ్ అంటే అదే. కాకపోతే ముంపు నివారణలో నగరం సాధించిన ప్రగతి, ఉద్యోగులను తొందరగా ఇంటికి పంపడం దగ్గర ఆగింది.

2024 జులైలో హైడ్రా, అంటే హైదరాబాద్ విపత్తు స్పందన, ఆస్తుల రక్షణ సంస్థ పుట్టింది. పేరులో విపత్తు ముందు, ఆస్తుల రక్షణ తర్వాత. మరుసటి నెలలోనే తమ్మిడికుంట చెరువు దగ్గర ఎన్ కన్వెన్షన్ హాలును కూల్చింది, పేరులోని రెండో సగానికి దేశమంతా ప్రచారం వచ్చింది. మోటార్లు పెట్టి నీళ్లు తోడే హైడ్రా సిబ్బందికి ఆ భాగ్యం లేదు; పంపుసెట్టును ఏ చానలూ లైవ్‌లో చూపదు. 2025లో కేంద్ర విపత్తు నిర్వహణ చట్టాన్ని సవరించి, రాజధానులకూ కార్పొరేషన్లున్న పెద్ద నగరాలకూ విడిగా పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టుకోవచ్చన్నారు. పెట్టుకోండి, కాదనం. పాత పదిమందికి పదకొండో కమాండర్ మాత్రం కాకుండా చూడండి.

సర్వర్ లేచాక ఆ పదో అంతస్తులో ఎవరినీ నిందించకుండా సమీక్ష రాస్తారు. నీళ్లు పోయాక ఇక్కడ సమీక్ష లేకుండా నిందలు మాత్రం వేసుకుంటారు.

అయ్యా, అడుగుతున్నది కొత్త చట్టం కాదు, కొత్త భవనం అంతకంటే కాదు. వచ్చే వానాకాలంలోపు నీళ్లు నిలిచే ప్రతి చౌరస్తాలో ఒక బోర్డు పెట్టండి. దాని మీద ఒక అధికారి పేరు, ఒక ఫోన్ నంబరు రాయండి. రెండో పేరు కూడా రాయాల్సి వస్తే, పెయింటు దండగ చేయకండి.