పొడుగు రాత రేకు

నేను బస్సు ముందు అద్దం దగ్గర వేలాడిన రేకును. ఒక మొహం ఆదోని, రెండో మొహం ఎమ్మిగనూరు. పసుపు మీద నల్ల రాత. ఎక్కడ కోశారో, ఎవరు తూట్లు పొడిచారో వదిలేద్దాం. రాసిన పెయింటరును మాత్రం మరవలేను. రెండు పేర్లకూ ఒకే సైజు అక్షరాలు పెట్టాడు. ఎమ్మిగనూరు ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది. మూడక్షరాల ఆదోనికి రెండు పక్కలా బోలెడు చోటు మిగిలింది. "ఆ ఖాళీలో వయా కోటేకల్లు అని రాయకూడదా?" అన్నారెవరో. "ఖాళీ ఉంటేనే పేరు కనబడేది" అని బ్రష్షు కడిగేసుకున్నాడు.

ఆదోని రైల్వే స్టేషన్ బోర్డుదీ నా రంగే. మద్రాసు లైను 1871లోనే ఆదోని మీదుగా రాయచూరు చేరింది, కాబట్టి పెద్దరికం దానిదే. దానికేం, కదలకుండా నిలబడి మూడు భాషల్లో తీరిగ్గా చెప్పుకుంటుంది. ఎమ్మిగనూరుకు రైలు లేదు. పత్తి అమ్ముకున్న రైతైనా, నూలు మూటతో వెళ్లే నేతగాడైనా దుమ్ములోంచి వస్తున్న నన్నే చూడాలి, రెప్పపాటులో పోల్చుకోవాలి. మంత్రాలయం వచ్చే కన్నడ భక్తులూ నన్ను చదివేసేవాళ్లు. లిపులు చుట్టాలు కదా!

అక్షరం రాని ఒక అవ్వ ఉండేది. "పొడుగు రాత బస్సొచ్చె" అంటూ ఎవర్నీ అడక్కుండా ఎక్కేది. అందరికంటే నన్ను బాగా చదివింది ఆమే.

ఒక సాయంత్రం, ఆదోనిలో చివరి ట్రిప్పుకు నన్ను తిప్పడం మరిచారు. ఆదోని మొహంతోనే బస్టాండు దాటాను. అవ్వ పొడుగు రాత కోసం చూస్తూ అరుగు మీద కూర్చునే ఉంది. తిరుగుదామంటే నాకు చేతులేవి?

తర్వాత ఆదోని పక్కన ఉన్న ఆ ఖాళీ కూడా పోయింది. వయా రాశారు, నంబరు రాశారు, కింద ఎవరిదో ట్యూషన్ ప్రకటన. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకు 'స్పెషల్' కాగితం మైదాతో నా మొహానికే అంటించారు, జాతర అయినా పీకలేదు. అవ్వకు రెండు వైపులా పొడుగే అయింది. ఎక్కే ముందు నలుగుర్నీ అడగడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నా చోట ఎర్ర దీపాల అక్షరాలు పరుగెడుతున్నాయి. 'ఎమ్మి' కనబడి 'గనూరు' వచ్చేలోగా బస్సు మలుపు తిరిగిపోతుంది.

నేను షెడ్డు వెనక నీళ్ల డ్రమ్ముకు మూతను. ఆదోని పైకి, ఎమ్మిగనూరు నీళ్ల వైపు. డ్రమ్ము గుండ్రం, నేను పొడుగు, సరిగ్గా మూయను కూడా. మొన్న ఒక కుర్రాడు వచ్చి పాత రాతలన్నీ గీకేసి, సున్నంతో 'తాగే నీళ్లు కావు' అని పెద్దగా రాశాడు. పక్కన ఖాళీ వదిలాడు. చేయి బాగుంది.